మాత్ర మింగే వేళ

మేము సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. లడఖ్‌లో పద్నాలుగు వేల అడుగుల పైన, రెండు కొండల నడుమ రాతి సందు. మోకాలి దాకా మంచు. మూడు బంకర్లు, పద్దెనిమిది మంది. నా వీపున రేడియో సెట్టు, రెండు బ్యాటరీలు. సుబేదార్ అక్కడే నిలబెట్టి డ్యూటీ చెప్పారు: రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా రేడియో నాది.

నాది తమిళనాడులో ధర్మపురి జిల్లా బొమ్మిడి. తెలుగు మాట్లాడేవాడు అక్కడ ఇంకొక్కడే ఉన్నాడు, మాకు మందులిచ్చే నర్సింగ్ అసిస్టెంట్. మా జిల్లాలోనే పెన్నాగరం పక్కన పిక్కిలి వాడు. నాకన్నా చిన్న.

మూడో వారం నా ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. ముఖం వాచి కళ్ళు సగం మూసుకుపోయాయి. అతడు కింద బేస్‌లో ఉన్న డాక్టర్‌ను రేడియోలో అడిగి స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చాడు. రోజూ ఉదయం తిన్న తర్వాత వేసుకోమన్నాడు.

ఆరింటికి డ్యూటీ దిగి, పరాఠా తిని, మాత్ర మింగి స్లీపింగ్ బ్యాగులో దూరేవాణ్ణి. నిద్ర రాలేదు. గుండె దడదడలాడేది. ఎత్తుకు అలాగే ఉంటుందనుకుని ఎవరికీ చెప్పలేదు. అలా నాలుగు రోజులు గడిచాయి.

ఐదో రోజు తెల్లవారుజామున ఐదుంపావుకు గస్తీ నుంచి నలుగురు తిరిగివస్తున్నారు. దారి మీద మంచు విరిగిపడింది. తాళ్ళు పంపమని వాళ్ళను నడిపిస్తున్న హవల్దార్ రేడియోలో పిలిచాడు. హెడ్‌ఫోన్ నా చెవుల మీదే ఉంది. నేను నిద్రలో ఉన్నాను.

మెలకువ వచ్చేసరికి ఐదూ యాభై ఐదు. హవల్దార్ గొంతు మామూలుగానే ఉంది. "పోస్ట్, వాగు దగ్గర ఆగాం. వింటున్నావా?"

తాళ్ళతో ఆరుగురు వెళ్ళారు. ఎనిమిదింటికి అందరూ ప్రాణాలతో వచ్చారు.

డ్యూటీలో నిద్రపోవడం సైన్యంలో చిన్న తప్పు కాదు. సుబేదార్ నన్ను పిలిపించారు. పిలవకుండానే నర్సింగ్ అసిస్టెంట్ కూడా వచ్చి నిలబడ్డాడు. నిద్రపోయి ఎన్నాళ్ళయిందని నన్ను అడిగాడు; మాత్రలు మొదలైనప్పటి నుంచీ నిద్ర లేదన్నాను. తర్వాత నెమ్మదిగా మా వైపు తెలుగులో అన్నాడు, "తప్పు నీదొక్కనిదే గాదన్నా. నీది నైట్ డ్యూటీ అని డాక్టరుకు చెప్పనే లేదు నేను. నేరము చూడకుండా మాత్ర ఇచ్చినాను."

మా ధర్మపురి వైపు నేరమంటే వేళ.

అతడే రేడియోలో డాక్టర్‌కు జరిగినదంతా చెప్పాడు. పొద్దున లేవడానికి ఒళ్ళు తనంతట తాను తయారు చేసుకునే పదార్థం లాంటిదే ఆ మందు అన్నారాయన. అందుకే ఉదయం ఇస్తారు. అది మింగి పడుకుంటే నిద్ర ఎక్కడిది? పోనీ సాయంత్రం వేసుకోనా అని అడిగాను.

"డ్యూటీ చార్టు మారినంత తొందరగా ఒళ్ళు మారదు" అన్నారు. మందును అరగదీసే కాలేయం కూడా పగలొకలా రాత్రొకలా పనిచేస్తుందట. మాత్రలు అయిపోయేదాకా నన్ను పగటి డ్యూటీకి మార్చమన్నారు.

డ్యూటీ మారిన మూడో రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. సుబేదార్ తన నివేదికలో నేను నిద్రపోయిన సంగతి రాశారు, కారణమూ రాశారు. శిక్షగా సెలవు కోత పడింది. తక్కువేనని నాకు తెలుసు.

అక్కడి డ్యూటీ కాలం ముగిసి, కొన్నేళ్ళకు రిటైరై ఊరు చేరాను. ఇప్పుడు తమ్ముడి కొట్లో కూర్చుంటాను. మొన్న అక్కడికి వచ్చిన, తొప్పూరు దగ్గర హోటల్లో రాత్రి పని చేసే ఆయన, బీపీ మాత్ర వేసుకుంటే తల తిరుగుతా ఉందన్నాడు. మందుల సంగతి నేను చెప్పకూడదు. ఒక్కటే అడిగాను.

"నీది రాత్రి పనని డాక్టరుకు చెప్పినావా?"

"ఆయన అడగలేదు కదా" అన్నాడు.

"అడగకపోయినా పోయి చెప్పు."

ఆ పోస్టులో చూసినవి చాలా మరిచిపోయాను. ఆ ఉదయం ఎనిమిదింటికి చూసింది మాత్రం మనసులోంచి పోదు. హవల్దార్ బంకర్లో బెంచీ మీద కూర్చున్నాడు. బూటును కత్తితో కోసి తీశారు. మంచు దెబ్బకు రెండు కాలివేళ్ళు మైనంలా తెల్లగా ఉన్నాయి. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. బెంచీ మీద కొంచెం పక్కకు జరిగి, నాకు చోటిచ్చాడు.