ఒకే అచ్చులో పోసిన రెండు డిస్కులు

భోజ్యా విసిరిన డిస్క్ ఒకసారి కరెంటు ప్లాంటు చిమ్నీ చుట్టూ ప్రదక్షిణ చేసి, మసిబారి, మళ్లీ అతని చేతిలోకే వచ్చి పడింది. నేను కళ్లారా చూశాను. నాతోపాటు చూసిన కాకి ఈమధ్యే చనిపోయింది కాబట్టి సాక్ష్యం అడగకండి. కాన్వెంటులో సిస్టర్లు నాకు ఇంగ్లీషూ, మోకాళ్ల మీద నిలబడడమూ నేర్పగలిగారు గానీ, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నేర్పలేకపోయారు. భూపాలపల్లిలో మా గని క్వార్టర్లలో అందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే ఆ రోజు నా మాట ఎవరూ వినలేదు.

భోజ్యాది నర్సింహులపేట దగ్గర తండా. గని వర్క్‌షాపులో వెల్డర్. మాటలు తక్కువ, నవ్వు ఎక్కువ. అదే వర్క్‌షాపులో వెంకట్రాం ఫిట్టర్. అతనిది జనగామ వైపు నర్మెట్ట, భూములున్న కుటుంబం. భోజ్యా పనిలో చేరిన మొదటి రోజు అందరూ అతని యాసను ఎగతాళి చేస్తుంటే, తన టిఫిన్ డబ్బా తెరిచి పక్కన కూర్చోబెట్టుకున్నవాడు వెంకట్రామే. అప్పటినుంచి భోజ్యాకు అతను అన్న. సొంత అన్నలు ఉన్నా, అన్న అంటే ఇతనే.

డిస్కుల ఆట మా ఊరికి తెచ్చింది సరళ అనే కుర్ర ఇంజనీరు. గోల్ఫ్ లాంటిదే గానీ బంతి, కర్ర ఉండవు. పళ్లెంలాంటి డిస్కును దూరం నుంచి విసురుతూ, చివరికి గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో వేయాలి. ఆ బుట్టలను గని పాత గొలుసులతో చేసింది భోజ్యా, వెంకట్రాములే. సరళ బదిలీ మీద వెళ్తూ ఇద్దరికీ చెరో డిస్కు ఇచ్చింది. రెండూ నారింజ రంగు, రెండూ దూరం విసరడానికి చేసినవి, ఒకే అచ్చులో పోసినవి, ఒకే బరువు. పక్కపక్కన పెడితే ఇచ్చిన సరళ కూడా గుర్తుపట్టలేదు.

రెండేళ్లు గడిచేసరికి గుడ్డివాడు కూడా చేత్తో గుర్తుపట్టేలా మారాయి.

వెంకట్రాం తన డిస్కును ఆట కాగానే తుడిచి, మెత్తటి తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టేవాడు. అందుకని అది కొత్తగానే ఉండిపోయింది. అంచు పదును, నడుమ కాస్త ఉబ్బు. విసిరితే తిన్నగా పోయి, వేగం తగ్గగానే ఎడమకు గట్టిగా విరుచుకుపడేది. భోజ్యా డిస్కు తుమ్మచెట్లకు తగిలి, రాళ్ల మీద దొర్లి అరిగింది. అంచు నునుపుదేలింది, ఉబ్బు అణిగి అరచేతికి చదునుగా అతుక్కునేది. చూపుడువేలు ఆనే చోట చిన్న గంటు. అది ముందు మెల్లగా కుడికి ఒరిగి, తర్వాత నిదానంగా తిరిగొచ్చి, చాలా దూరం తేలుతూ పోయేది. భోజ్యాది బలమైన చెయ్యి. అందుకే డిస్కు బయటి అంచును కాస్త కిందికి వంచి వదిలేవాడు. అది తనంతట తానే సర్దుకుని ఎగిరేది.

సాయంత్రాలు ఇద్దరూ మార్చుకుని విసిరి చూసేవారు. నేను సిమెంటు బల్ల మీద కూర్చుని తీర్పులు చెప్పేవాణ్ని.

"నాది మొండిది రా తమ్మీ. మా నాయిన లెక్క. నీది మాట వింటది," అనేవాడు వెంకట్రాం.

"నువ్వు దాన్ని బిడ్డ లెక్క సాదితివన్నా. జర కొట్టు, అదే వింటది."

"కళావతి నిన్ను గట్లనే దారికి తెచ్చిందా?"

భోజ్యా భార్య కళావతి అటువైపు బట్టలు ఆరేస్తూ, "ఇంక దారికి రాలే అన్నా, కొడుతనే ఉన్న," అనేది. అందరం నవ్వేవాళ్లం.

నిరుడు వెంకట్రాం భుజం పట్టేసింది. దవాఖానకు తిరిగాడు, తైలాలు రాశాడు. నొప్పి తగ్గింది గానీ చేతిలో వేగం పోయింది. వేగం లేని చేతికి మొండి డిస్కు అసలే లొంగదు. సగం దూరం పోకముందే ఎడమకు కూలేది. అప్పుడప్పుడు భోజ్యా డిస్కు అడిగి విసిరేవాడు. అది అతని చేతిలోంచి కూడా తేలుకుంటూ పోయేది. తిరిగి ఇచ్చే ముందు దాన్ని బొటనవేలితో ఓసారి నిమిరేవాడు.

ఈ ఏడు హైదరాబాదులో పెద్ద పోటీ పెట్టారు. మా ఊరి నుంచి ఒక్కరికే చోటు. దసరా మర్నాడు మా మైదానంలో ఎవరు ఎక్కువ దూరం విసిరితే వాళ్లు వెళ్లాలి. భోజ్యా గెలుస్తాడన్నది మా అందరికీ తెలిసిన సంగతే. తండాలో ఉన్న వాళ్లమ్మ నీలికి మరీ తెలుసు. కొడుకు ఆట చూడటానికి హైదరాబాదు వస్తానని, డిస్కు పెట్టుకోవడానికి అద్దాలు కుట్టిన సంచీ పంపింది. ఆమె జీవితంలో పక్కనున్న మానుకోట దాటి పోలేదు.

దసరాకు మా గనివాళ్లం పనిముట్లకు పూజ చేస్తాం. ఏటా వెంకట్రాం ఇంట్లోనే పెద్ద పూజ. అతని పానాలు, భోజ్యా వెల్డింగ్ ముసుగు, రెండేళ్లుగా ఆ రెండు డిస్కులు కూడా ఒకే పీట మీద ఉండేవి. వెంకట్రాం భార్య లీలావతి వాటికి పసుపు దట్టంగా పూసి, కుంకుమ బొట్లు పెట్టేది. పూజలో పెట్టిన పనిముట్టు పసుపును చేత్తో తుడవకూడదు. పనిలోనే రాలిపోవాలి. మా దగ్గర అదే పద్ధతి.

దసరా సాయంత్రం జమ్మి ఆకు తెచ్చుకుని ఒకరికొకరం బంగారమని ఇచ్చుకున్నాం. వెంకట్రాం భోజ్యా చేతిలో జమ్మి పెట్టాడు, గట్టిగా కౌగిలించుకుని అలయ్ బలయ్ తీసుకున్నాడు. పీట మీది డిస్కును ఆ అద్దాల సంచీలో పెట్టి అతని భుజానికి తనే తగిలించాడు.

"రేపు మంచిగ కొట్టు తమ్మీ."

"నీ దీవెన అన్నా," అని భోజ్యా కాళ్లు మొక్కాడు. సంచీ తెరవలేదు. పూజలోంచి అన్న చేత్తో వచ్చినదాన్ని ఎవరు తెరిచి చూసుకుంటారు?

మర్నాడు పొద్దున మైదానం నిండింది. ఒక్కొక్కరికి రెండు విసుర్లు. ఈల వేసి పిలిచేవాడు రాజమౌళి, లారీ డ్రైవరు. భోజ్యా వంతు రాగానే అలవాటు ప్రకారం అంచు కిందికి వంచి లాగి వదిలాడు. డిస్కు ఒరగనే లేదు, సర్దుకోనూ లేదు. నేరుగా ఎడమకు కూలి మోరీ కాలువ పక్కన పడింది. జనం ఉస్సురన్నారు. భోజ్యా తన చెయ్యివైపు చూసుకున్నాడు. బలం చాలలేదనుకున్నాడు పాపం. రెండోసారి ప్రాణం పెట్టి విసిరాడు. మళ్లీ అదే మోరీ. వేలికింద అట్టకట్టిన పసుపు గంటునూ ఉబ్బునూ తెలియనివ్వలేదు. డిస్కును అనుమానించాలని అతనికి తట్టనే లేదు.

తర్వాత వెంకట్రాం. మెల్లగా ఊగి, తేలిగ్గా వదిలాడు. డిస్కు కుడికి ఒరిగింది, నిదానంగా తిరిగొచ్చింది, తేలుతూ పోయి పోయి చివరి బుట్ట దాటింది.

నేను బల్ల మీద లేచి నిలబడ్డాను. "అది భోజ్యా డిస్కు! వెంకట్రాందట్ల ఎగరదు!"

రాజమౌళి పొట్ట పట్టుకుని నవ్వాడు. "తాతా, మొన్న చిమ్నీ చుట్టు తిరిగొచ్చిందంటివి. ఇయ్యాల దొంగతనమా? జర కూసో, బీపీ పెరుగుతది."

మైదానమంతా నవ్వింది. వెంకట్రాం కూడా నవ్వాడు, నా వైపు చూడకుండా.

నవ్వనివాడు భోజ్యా ఒక్కడే. మోరీ దగ్గరికి వెళ్లి డిస్కు తీసుకున్నాడు. చొక్కా అంచుతో పసుపు తుడిచాడు. చూపుడువేలు పెట్టాడు. గంటు లేదు. అరచెయ్యి ఆనించాడు. నడుమ ఉబ్బు తగిలింది. దాన్ని తిరిగి సంచీలో వేసుకున్నాడు.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని వెంకట్రాం ఇంటికి వెళ్లాడు. వెంకట్రాం వరండాలో ఉన్నాడు, లీలావతి గడపలో.

"అన్నా, నా డిస్కు నీ దగ్గరున్నది."

"రెండు ఒక్క తీరుగనే ఉంటయి గద రా. పూజ కాడ కలిసిపోయి ఉంటయి."

"కలిసిపోతే చేత్తో పట్టంగనే నీకు ఎర్కైతది. రెండేండ్లు మార్చుకుని కొట్టినం."

వెంకట్రాం గడప వైపు చూశాడు. లీలావతి తల తిప్పుకుంది.

"నా భుజం పోయింది తమ్మీ," అన్నాడు చివరికి. "ఇగ మల్ల ఎప్పుడు పోత? నీకు వయసున్నది, వచ్చేసారి పోతవు. గీ ఒక్కసారి అనుకున్న."

"అడిగితే ఇయ్యకపోదునా అన్నా?"

వెంకట్రాం లేచాడు. లోపలికి వెళ్లి తువ్వాలులో చుట్టిన డిస్కు తెచ్చాడు. "తీస్కో. రాజమౌళికి నేనే చెప్త, మల్ల పెట్టిస్త."

"ఏమని చెప్తవు? పూజల పెట్టినదాన్ని మార్చిన, గదే చేత్తోని జమ్మి వెట్టిన అనా?"

భోజ్యా దాన్ని ముట్టుకోలేదు. సంచీలోంచి మొండి డిస్కు తీసి పిట్టగోడ మీద బోర్లించాడు. తర్వాత చొక్కా జేబులోంచి నిన్నటి జమ్మి ఆకులు తీశాడు. ఇంకా పూర్తిగా వాడలేదు. వాటిని డిస్కు మీద పెట్టాడు.

"నీ బంగారం నువ్వే ఉంచుకో అన్నా."

నేను ఎన్నో కట్టుకథలు చెప్పాను గానీ, ఇచ్చిన జమ్మిని ఎవరైనా వెనక్కి ఇచ్చారని కథలో కూడా అల్లలేదు.

దారిలో వాళ్లమ్మకు ఫోను చేశాడు. "యాడీ, హైదరాబాదు లేదే. చెయ్యి పట్టేసింది," అన్నాడు. ఉత్త సంచీ అద్దాలు అతని నడుం దగ్గర మెరుస్తున్నాయి. అమ్మకు కూడా అన్న పేరు చెప్పలేదు.

వెంకట్రాం హైదరాబాదు వెళ్లలేదు. భోజ్యా వర్క్‌షాపులో ఇప్పుడు వేరే షిఫ్టు. తిరిగొచ్చిన జమ్మిని ఎక్కడ పెట్టాలో లీలావతికి తెలియలేదు. దేవుడి గూట్లో పెట్టలేక, పారేయలేక అలాగే వదిలేసింది. నేను పొద్దున నడకకు వెళ్లినప్పుడల్లా చూస్తుంటాను. ఆ పిట్టగోడ మీద, బోర్లించిన నారింజ డిస్కు మీద, ఆకులు ఎండి ముడుచుకుంటున్నాయి.