ఆమె పేరు పట్టని చోటు

ఇన్నేళ్లుగా ఒక మాట గొంతులోనే ఉండిపోయింది. ఇంట్లో చెప్పలేదు. ఆఫీసులో అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

కాజీపేట స్టేషన్‌కు దగ్గర్లో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కంప్యూటర్‌కు ఆదేశాలు టైపు చేసే నల్ల తెర, షెల్ అంటాం, అప్పట్లో మేమే సొంతంగా తయారుచేసుకున్నాం. తెరవగానే అది మనిషిని తెలుగులో పేరు పెట్టి పలకరించాలని ముచ్చటపడి ఆ ముక్క రాసింది నేనే. అందరూ మెచ్చుకున్నారు. నేను కాస్త ఎక్కువే పొంగిపోయాను.

తర్వాత మేరీ జ్ఞానసుందరి ఉద్యోగంలో చేరింది. రోజూ డోర్నకల్ నుంచి రైల్లో వచ్చేది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఆమె వచ్చినప్పటి నుంచే షెల్ ఉన్నట్టుండి కూలిపోవడం మొదలైంది. ఒకసారి బాగానే నడిచేది, ఇంకోసారి పని మధ్యలోనే మూసుకుపోయేది. అదీ ఆమె దగ్గరే. ఆమె రాసిన కోడ్ మెమొరీని పాడుచేస్తోందని అందరికన్నా ముందు అన్నది నేనే.

ఆమెను పనిలోంచి మానిపిస్తారని విన్న శుక్రవారం పొద్దున ఆమె కోడ్ మొత్తం తీసేసి, ఆమె పేరుతోనే నడిపి చూశాను. అయినా కూలింది. అప్పుడు నా ముక్క చూసుకున్నాను. పేరుకు మెమొరీలో ఇంగ్లీషు అక్షరాల లెక్కన చోటు ఇచ్చాను. తెలుగుకు అంతకన్నా చాలా ఎక్కువ కావాలి. రవి, లత అయితే సరిపోయింది. మేరీ జ్ఞానసుందరి అన్న పేరు పట్టక, పక్కనున్న సమాచారం మీదికి పొర్లేది. పక్కన ముఖ్యమైనదేదో ఉన్నప్పుడు షెల్ కూలేది, లేనప్పుడు లేదు.

వెంటనే లేచి ఆఫీసు నడిపే సార్ గదిలోకి వెళ్లి చెప్పాల్సింది. వెళ్లలేదు. ఇలాంటి చిక్కు ఏదొచ్చినా ఆఫీసంతా నన్నే పిలిచేది. ఆ గొప్ప పోతుందని భయపడ్డానా, లేక ఆమె కొత్త మనిషే కదా, ఇంకెక్కడైనా బతుకుతుందిలే అనుకున్నానా?

మధ్యాహ్నం ఆమె నా కుర్చీ పక్కకు వచ్చి నిలబడింది.

"అన్నా, నా కోడ్ల తప్పేడున్నదో జర చూపియ్యున్రి. సోమవారం నుంచి రావొద్దంటాన్రు."

"మెమొరీల తప్పు గంత జల్ది దొరుకది చెల్లె. ఫికర్ చేయకు."

"మీకే దొరకలేదంటె, ఇగ నాదే తప్పున్నట్టు," అన్నది.

సాయంత్రం ఆమె వెళ్లిపోయాక ఆ చోటు పెంచేశాను. షెల్ మళ్లీ కూలలేదు. సోమవారం అందరూ "పోయింది, పీడా పోయింది" అని నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఇప్పుడు అందరూ నన్ను సార్ అంటారు. భోజనానికి ఎవరూ నా పక్కన కూర్చోరు. నేనే కూర్చోనివ్వనేమో. డోర్నకల్ బండి కూత వినపడితే డబ్బా మూసేసి లేస్తాను. వెతికితే ఆమె దొరుకుతుంది. దొరికితే ఏమనాలి?

షెల్‌లో ఏం మార్చినా, పరీక్షకు ఆమె పేరే కొడతాను. నమస్తే అన్న మాట పక్కన ఆ పేరు చివరి అక్షరం దాకా వస్తుంది.

తప్పు నాది. ఈ మాట మొదటిసారి అన్నాను. గుండె కొంచెం తేలికైంది. ఆ తేలిక కూడా నాకే దక్కింది, ఆమెకు కాదు.