కాలవ నీళ్ళకి ఎడమ ఎటు?

నేను సైకిలు కొన్న రోజునుంచీ మా ఆయనది ఒకటే పాట. "నిన్ను నడిచేవాళ్ళు కూడా దాటిపోతున్నారు, దానికి రెండు చక్రాలెందుకే?" అంటారు. భీమవరంలో ఓ కాలేజీ లైబ్రరీ చూసుకునే నాకు ఆదివారం పొద్దున్న తప్ప నాదంటూ వేరే సమయం లేదు. ఆ కాస్త టైములోనూ పరిగెట్టాలా ఏంటి? ఈ జూన్‌లో నా జీవితంలోకెల్లా నెమ్మదైన ప్రయాణం చేశాను. గంటకి కిలోమీటరున్నర. కాలవలోకి కొత్తగా వదిలిన నీటి మొన పక్కనే, గట్టు మీద, పన్నెండు కిలోమీటర్లు.

దీనికి కారణం మా నాగమణి వదిన. అన్నయ్య ఎప్పుడూ లారీ మీద ఊళ్ళు తిరుగుతూ ఉంటాడు, మొగల్తూరు అవతల కాలవ చిట్టచివర రెండెకరాల కౌలు వ్యవసాయం మొత్తం వదినదే. మే నెలాఖరులో ఒక వాన పడితే అది నమ్ముకుని నారు పోసేసింది. ఆ తర్వాత చుక్క రాలలేదు. సముద్రం దగ్గర కాబట్టి అక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే. "ఆదివారం మా కాలవకి నీళ్ళొదులుతారంట అమ్మాయ్. ఆ సాయంత్రానికి తడి తగిలితే బతుకుద్ది. లేదంటే మళ్ళీ విత్తనం కొనే ఓపిక నాకు లేదు" అంది ఫోన్లో. వదిన అంత నీరసంగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "నీళ్ళని నేను దగ్గరుండి తీసుకొస్తాలే" అన్నాను, సరదాకే. అన్నాక అదేదో నిజంగానే చెయ్యాలనిపించింది.

తెల్లవారుజాము నాలుగున్నరకి బయల్దేరి, వీరవాసరంలో ముప్ఫై రూపాయల ఇడ్లీ తిని, పిల్లకాలవ విడిపోయే తూము దగ్గరికి ఆరున్నరకల్లా చేరాను. అక్కడ లస్కరు సత్యం గారు, అంటే కాలవలు కాపలా కాసే ఉద్యోగి, తూము తలుపు తిప్పడానికి సిద్ధంగా ఉన్నారు. అరవైకి దగ్గరపడిన మనిషి, పాత మోపెడ్, వెనక ఇసక బస్తాలు, ఓ పార. నేను నీళ్ళతో పాటు వెళ్తానంటే కాసేపు నా మొహం వంక చూశారు.

"ఆయ్, ఎళ్ళండి మేడం గారు. ఎండాకాలం అంతా ఎండ్రకాయలూ ఎలకలూ గట్టుకి బొరియలు పెట్టేసుంటాయండి. ఎక్కడన్నా కారతా ఉంటే ఏ గట్టో చెప్పి ఫోన్ కొట్టండి, చిటికెలో వాల్తాను" అన్నారు.

ఏడింటికి తలుపు లేచింది. నీళ్ళు ఉరుకుతాయనుకున్నాను. అబ్బే! వరండాలో బకెట్టు తన్నేస్తే దారి వెతుక్కుంటూ పోతాయే, అలా వచ్చాయి. మొనలో కాస్త నురగ, ఎండు కొబ్బరాకులు, ఒక రబ్బరు చెప్పు. నెర్రెలిచ్చిన అడుగుమట్టి ఆ నీళ్ళు తాగుతుంటే బుడబుడమని చప్పుడు. నెర్రెల్లోంచి పురుగులు పైకి పాకడం, వాటికోసం కొంగలు బారుగా మొన ముందు నడవడం. ముందు కొంగలు, వెనక నీళ్ళు, పక్కన నేను. పది అడుగులు తొక్కడం, కాలు కింద పెట్టడం, నీళ్ళు వచ్చేదాకా ఆగడం. తడిసిన మట్టి వాసనకి ఒళ్ళు తేలిపోతున్నట్టుంది. ఆ వాసనని సీసాలో పట్టి లైబ్రరీలో పెట్టుకుంటే ఎంత బావుణ్ణు! తొమ్మిదైందో పదైందో తెలియలేదు. వదిన ఫోన్ చేసినప్పుడే టైము గుర్తొచ్చేది. "ఎందాకా వచ్చాయే?" "పంచాయతీ చెరువు దాటాయి వదినా." "దాటాయా... సరే." అంతే, పెట్టేసేది.

పన్నెండు దాటాక, ఓ కొబ్బరితోట నీడలో తాటిముంజలు కొనుక్కుని తింటున్నాను. వెనక నీళ్ళు జారుతున్న చప్పుడైంది. వెళ్ళి చూస్తే, మొన నుంచి ఓ అర కిలోమీటరు వెనక, గట్టులో బొరియ గంప వెడల్పు అయిపోయింది. వదిన నీళ్ళు పక్కనున్న మురుగు కాలవలోకి పోతున్నాయి. అక్కణ్ణించి సముద్రంలోకే! నీళ్ళు వస్తున్న వైపు తిరిగి నిలబడ్డాను. గండి నా ఎడమచేతి పక్క. "సత్యం గారూ, ఎడమ గట్టండీ, త్వరగా రండి!" అని ఫోన్లో అరిచాను.

ఆయన నిజంగానే చిటికెలో వచ్చారు. కాకపోతే అవతలి గట్టు మీదకి. మధ్యలో నిండు కాలవ. బస్తాలతో దిగడానికి వీల్లేదు, వంతెన కిలోమీటరు వెనక.

"ఎడమ అన్నారు కదండీ!"

"ఇదే కదండీ ఎడమ!" అని నా ఎడమ చెయ్యి ఎత్తి చూపించాను.

ఆయన నెత్తి కొట్టుకున్నారు. "నీళ్ళు ఎటు పోతన్నాయో అటు తిరిగి చూడాలండీ బాబూ ఎడమంటే! అది కుడి గట్టు! ఆ కొబ్బరి మట్టలు అడ్డం పెట్టి, గడ్డిదుబ్బులు పీకి తొక్కతా ఉండండి, తిరిగొస్తన్నాను" అని కేకేసి మోపెడ్ తిప్పారు. పాతికేళ్ళుగా పుస్తకాలు ఏ అరలో ఉన్నాయో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని, ఎడమ కుడి చెప్పలేకపోయాను. పెట్టిన మట్ట పెట్టినట్టే కొట్టుకుపోతోంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, మోకాళ్ళదాకా బురదలో. ఆయన వచ్చి బస్తాలు వేసి గండి పూడ్చేసరికి ముప్పావుగంట. దిగువన మొన ఎక్కడిదక్కడే ఆగిపోయింది, కొంగలు ఎగిరిపోయాయి. మళ్ళీ కాలవ నిండి నీళ్ళు కదిలేసరికి రెండున్నర అయింది. ఈలోగా వదిన మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

అయిదున్నరకి నీళ్ళు వదిన చేలోకి పారే సన్నటి బోదెలోకి తిరిగాయి. వదిన బిందెతో నారుమడి గట్టు మీదే నిలబడి ఉంది. మంచినీళ్ళ కుళాయి నుంచి మోసి మోసి సగం మడి తడిపిందట. పసుపు తిరిగిన ఆ నారు మొదళ్ళలోకి నీళ్ళు నెమ్మదిగా పాకాయి. ఇక ఆగలేక జరిగిందంతా చెప్పేశాను. "నా వల్లే ఆలస్యమైంది వదినా. నీళ్ళకి ఎదురు తిరిగి ఎడమన్నాను."

వదిన బిందె కింద పెట్టింది. "అందులో నీ తప్పేముందే? చివరాఖర్న ఉన్నవాళ్ళం, మేమెప్పుడూ నీళ్ళొచ్చే వైపే కదా చూస్తాం. నేనైనా ఎడమనే చెప్పేదాన్ని" అంది. నిజంగానే అందో, నా బురద మొహం చూసి జాలిపడి అందో నాకు తెలియదు.

మొగల్తూరులో నాలుగొందలకి ట్రక్కు ఆటో మాట్లాడుకుని, వెనక సైకిలుతో పాటే కూర్చుని ఇంటికొచ్చాను. దారిపొడుగునా చీకట్లో కాలవ చప్పుడు వింటూనే ఉన్నాను. నాకది ఆదివారం షికారు, ఆవిడకది ఏడాది తిండి, రెండూ ఒకే నీళ్ళ మీద నడిచాయి. మూడోరోజు వదిన ఫోన్ చేసింది. ఓ మూల చాపంత మేర ఎండిపోయిందట, మిగతాదంతా తలెత్తిందట. ఆ చాపంత మేర ఎండింది నేను పోగొట్టిన ముప్పావుగంట వల్లే అని నాకు తెలుసు, ఆవిడ అనకపోయినా. మీరూ కొత్తనీటి వెంట వెళ్ళాలనుకుంటే నీళ్ళు ఎప్పుడు వదులుతారో లస్కరుని ముందే అడగండి, టోపీ, రెండు సీసాల మంచినీళ్ళు పెట్టుకోండి. దారిలో గట్టు కారుతూ కనిపిస్తే మాత్రం ముందు నీళ్ళు పోయే వైపు తిరగండి, ఆ తర్వాతే ఫోన్ తియ్యండి.