సబ్బాతు నాడు తీసేసిన ఫోను

ఆ ఉద్యోగం ఒప్పుకోమని తమర్ లిప్‌మన్‌కు నేనెందుకు చెప్పాను? ఆమె మంచి కోరి చెప్పానా, ఫోన్లు ఎత్తీ ఎత్తీ నాకే విసుగొచ్చి చెప్పానా? ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ తేలలేదు.

పన్నెండేళ్ళు ఆమె న్యూయార్కులో మా పేట వాషింగ్టన్ హైట్స్ తరఫున సిటీ కౌన్సిల్లో ఉంది. అన్నేళ్ళూ ఆమె ఆఫీసులో, ఒళ్ళో నవల పెట్టుకుని, ఫోను దగ్గర కూర్చున్నది నేను. పెద్ద ఉపన్యాసాలిచ్చే మనిషి కాదు. చలికాలంలో ఎవరి వాటాలో గదులు వేడిచేసే రేడియేటరు చల్లబడినా ఆ బిల్డింగు ఓనరుకు తనే ఫోను చేసి, "ముసలాళ్ళను వెంటబెట్టుకుని మీ ఇంటికొచ్చి కూర్చుంటాం, మీ ఆవిడ టీ పోస్తుందా?" అని అడిగేది. పొద్దుగుంకేలోగా వేడి వచ్చేది. శనివారమైనా అంతే. శుక్రవారం పొద్దుగుంకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా మా యూదులకు విశ్రాంతి దినం; ఆ సబ్బాతు నాడు ఫోను ముట్టుకుంటావేమిటని మా గురువు రబ్బీ సణిగేవాడు. నవ్వి ఊరుకునేది.

మా ప్రార్థనాలయం సినగాగు పక్క బిల్డింగులో, నాలుగో అంతస్తులో గుమ్‌పెర్ట్ అక్కచెల్లెళ్ళు ఉండేవారు, హెర్తా, లోటె. ఇద్దరికీ పెళ్ళి లేదు. నాజీల రోజుల్లో, ఫ్రాంక్‌ఫర్టులో వాళ్ళ చిన్నప్పుడు నాన్నను తీసుకుపోయింది పోలీసులే. అందుకని ఇంట్లో దొంగ పడ్డా పోలీసును పిలవలేదు. యూనిఫారం వేసుకున్నవాళ్ళెవరినీ గడప దాటనివ్వరు. తమర్ ఇంటి నంబరు మాత్రం ఫ్రిజ్ మీద అంటించుకున్నారు.

కౌన్సిల్లో గడువు అయిపోతుండగా, దేశదేశాల్లో శరణార్థులకు సాయం చేసే ఒక యూదు సంస్థ తమర్‌ను అధ్యక్షురాలిగా రమ్మంది. ఆమె నా బల్ల దగ్గరికొచ్చి, ఇక్కడి ముసలాళ్ళ సంగతేమిటని అడిగింది.

"కొత్తగా వచ్చేవాడు చూసుకుంటాడు. బాయిలర్ల వెంట తిరగడానికే పుట్టావా నువ్వు?" అన్నాను.

"పుస్తకాలు చదివేవాళ్ళను సలహా అడగడం నాదే తప్పు. మీకు ప్రతి కథా పెద్దదైపోవాలి," అంది. కానీ వెళ్ళింది.

అక్కడ అంతా వేరే. ఎడారి శిబిరాలు, సభలు, దాతలతో భోజనాలు. అలాంటి ఒక భోజనం దగ్గర ఎవరో పెద్దాయన, మీరు సబ్బాతు పాటిస్తారా అమ్మా అని మామూలుగానే అడిగాడట. ఆమెకు సిగ్గేసింది. యూదుల పేరు మీద మాట్లాడుతూ ఆ మాత్రం పాటించకపోతే ఎలా అనుకుంది. ఆ వారం నుంచి శుక్రవారం పొద్దుగుంకే ముందు ఫోను తీగ గోడలోంచి లాగేసేది. పన్నెండేళ్ళలో మొదటిసారి శనివారం మధ్యాహ్నం నిద్రపోయానని చెప్పింది. మొహం తేటపడింది. నేనూ సంతోషించాను.

రెండేళ్ళకు, జనవరిలో ఒక శుక్రవారం, అక్కచెల్లెళ్ళ బిల్డింగులో వేడినిచ్చే బాయిలరు ఆగిపోయింది. లోటె నగరం వాళ్ళ ఫిర్యాదుల నంబరుకు చెప్పింది. రాసుకున్నారు, ఎవరూ రాలేదు. పొద్దుగుంకాక తమర్ ఇంటికి చేసింది. శనివారం సాయంత్రం దాకా పదకొండుసార్లు చేసింది. చలికి వాళ్ళ అవస్థ చూసి పక్క వాటా ఆవిడ అంబులెన్సును పిలుస్తానంటే హెర్తా పిలవనివ్వలేదు. "వాళ్ళ వెనకాలే పోలీసులొస్తారు. ఎవరూ వద్దు, తమర్ వస్తుంది," అందట. తన కోటు కూడా చెల్లెలికే కప్పింది.

శనివారం చుక్కలు పొడిచి సబ్బాతు ముగిశాక తమర్ తీగ మళ్ళీ గోడకు పెట్టింది. ఫోను వెంటనే మోగింది.

"అక్కయ్య లేవడం లేదు," అంది లోటె.

ఖననం నుంచి తిరిగొచ్చేటప్పుడు కారులో తమర్ నా వైపు చూడకుండా అంది: "ప్రాణం మీదికొస్తే సబ్బాతును పక్కన పెట్టమని మన ధర్మమే చెబుతుంది. ఎన్ని సభల్లో చెప్పానో. ఫోనే పీకేసుకుంటే ఒకరి ప్రాణం మీదికొచ్చిందని ఎలా తెలుస్తుంది?"

ఆ చలికాలం ఆమె సంస్థ శిబిరాలకు పంపిన దుప్పట్లు వేలల్లో ఉంటాయి. ఆ మాట ఎత్తబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

మైల ఏడు రోజుల్లో మూడోనాడు ఇద్దరం లోటె ఇంటికి వెళ్ళాం. మా ఆచారం ప్రకారం అద్దాలకు దుప్పట్లు కప్పారు. లోటె పొట్టి పీట మీద కూర్చుని ఉంది. బాయిలరు బాగుచేసినట్టున్నారు, రేడియేటర్లు ఒకటే బుసకొడుతున్నాయి, ఉక్కకు కిటికీ తెరిచారు. మైలలో ఉన్నవాళ్ళు పలకరించేదాకా వెళ్ళినవాళ్ళు నోరు విప్పకూడదు. తమర్ ఎదురు కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

లోటె నన్ను చూసి, మెట్లు జారుతున్నాయా అని అడిగింది. రబ్బీని మోకాలి నొప్పి సంగతి అడిగింది. పక్క వాటా ఆవిడను ప్లమ్ కేకు తినమంది. తమర్ వైపు తల తిప్పింది, మళ్ళీ తన చేతుల వైపే చూసుకుంది.

గంటన్నరలో ఆమెను మాత్రం పలకరించలేదు. కోపంతో కాదనే అనుకుంటాను.

వెళ్ళేటప్పుడు మైలలో ఉన్నవారికి చెప్పాల్సిన ఓదార్పు మాట ఒకటుంది, మా వాళ్ళలో చిన్నపిల్లలకు కూడా వచ్చు. తమర్ లేచి లోటె ముందు నిలబడింది. పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. లోటె తల ఎత్తలేదు. తమర్ కుర్చీ మీది కోటు తీసుకుని, వేసుకోకుండానే మెట్లు దిగిపోయింది.