అడవివైపు తిరిగిన మైకు

ఆ రోజుల్లో నేను గాయకుణ్ణి అయిపోయాననే అనుకునేవాణ్ణి; ఆ సంగతి లోకానికి తెలియడమే మిగిలింది. అమెరికా పల్లెల్లో గిటారు పట్టుకుని తమ గుర్రాల మీద, పొలాల మీద తామే పాటలు రాసుకుని పాడేవాళ్లను ఫోనులో చూసి, మా మదనపల్లెకు మాత్రం ఏం తక్కువ అనిపించింది. చర్చిలో నేర్చుకున్న గిటారుతో పుంగనూరు పొట్టి ఆవు మీద ఒక విరహగీతం కట్టాను (విరహం నాది, ఆవు ఊరికే వింటుంది). ఫోనులో రికార్డు చేసి చుట్టాలందరికీ పంపాను. వెడల్పు అంచుల టోపీ కూడా కొన్నాను. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసే మా అమ్మ దాన్ని చూసి "ఎండకు మంచిదేలేప్పా" అంది. పుంగనూరులో ఒక పెళ్లి రిసెప్షన్‌లో పాడితే రెండో చరణానికే జనం భోజనాలకు లేచిపోయారు. అంగళ్లులో ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం చూసిపెట్టిన నాన్న "సోమవారం పోయి చేరతావా, ఆ ఆవుతోనే ఉంటావా?" అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే రామకుప్పం దగ్గరి పల్లె నుంచి మా మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, నీ పాట దినామూ మైకులో ఏస్తాండాము. నీ పాట లేకుంటే మాకు పంటే లేదు. ఒకతూరి వచ్చి పో!" నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఉద్యోగం వద్దని నాన్నతో చెప్పేసి (కాస్త పొగరుగానే), టోపీ పెట్టుకుని కుప్పం బస్సెక్కాను. దారంతా అభిమానులతో ఏం మాట్లాడాలో సాధన చేసుకున్నాను.

పొద్దు వాలేవేళకు మామ నన్ను నేరుగా రాగిచేనుకు తీసుకుపోయాడు. మంచె మీద మైకు ఉంది, కానీ దాని మూతి ఊరివైపు లేదు, అడవివైపు ఉంది. "జనం యాడ మామా?" అన్నాను. "జనం యాల? ఇది ఏనుగులకు కదప్పా! టపాకాయలకు అలవాటు పడిపోయినాయి, డప్పులకు బెదరవు. నీ గొంతు ఇనిందే సాలు, ఎనక్కి సూడకుండా పోతాండాయి!" ఆయన స్విచ్ వేశాడు. నా విరహం అడవి మీద పడింది. నిజంగానే కొమ్మలు విరుగుతున్న చప్పుడు దూరమైపోతూ వచ్చింది. ఊళ్లో ఆడవాళ్లు సంగటి పెట్టి "నీ పుణ్యమప్పా" అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియక, తల వంచుకుని తిన్నాను. సోమవారం అంగళ్లులో చేరిపోయాను.

మరుసటి పంటకు మామ మళ్లీ ఫోన్ చేశాడు. "సేను సగం పాయ అల్లుడా! ఈతూరి ఏనుగులు నీ పాటకు పోలేదు. మైకు కిందనే నిలబడి, సెవులు ఆడించుకుంటా, పాట అయ్యేదాకా ఇని, అప్పుడు తినినాయి. కొత్త పాట రాయప్పా, దీనికన్నా గోరంగా ఉండాల!" మామకు మిగిలిన సగమైనా దక్కాలని ఆ ఆదివారం గిటారు ముందేసుకుని కూర్చున్నాను. ఎంత గింజుకున్నా, చివరిదాకా నిలబడి విన్నవాళ్లను తరిమే పాట నాకు చేతకాలేదు.

ఆఖరికి ఊరివాళ్లే చేల చుట్టూ కందకం తవ్వుకున్నారు. ఇప్పటికీ ఆఫీసులో ఎవరైనా వెక్కిరింపుగా "నీ పాట పూర్తిగా విన్నోళ్లు ఉండారా?" అంటే, ఉండారని గర్వంగానే చెబుతాను. ఎవరని మాత్రం చెప్పను.