మేనల్లుడికి వచ్చిన ఫోను

డిసెంబరు పద్నాలుగు, మంగళవారం, ఉదయం తొమ్మిదింబావు. నా గుండె మీద ఈ బరువు పడిన ఘడియ అది. ఇరవై ఏళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

యాదగిరి నా తమ్ముడి కొడుకు. మా ఊరు చిన్న మంగళారం. మిలిటరీలో చేరాకే వాడు మొదటిసారి మంచు చూశాడు. కాళ్లకు పొడవాటి స్కీలు కట్టుకుని, చేతికర్రలు పొడుచుకుంటూ, మంచులో కోసుల కొద్దీ సాగే పందెం నేర్చాడు. రెండుసార్లు దేశంలో మొదటివాడయ్యాడు. సెలవులకొచ్చినా ఊరుకునేవాడు కాదు, చక్రాల స్కీల మీద చేవెళ్ల దాకా పోయి వచ్చేవాడు. బస్సులోంచి పిల్లలు "అన్నా, మంచు ఏదే?" అని అరిస్తే, "మీ అవ్వ ఫ్రిజ్జుల దాసింది, తేపో!" అనేవాడు.

తమ్ముడికి జబ్బు ముదిరితే సెలవు మీద వచ్చాడు. వాడే తలకొరివి పెట్టాడు. వాళ్లింట్లో ఫోను లేదు, మా నంబరే క్యాంపులో ఇచ్చాడు. తమ్ముడు పోయిన ఐదో రోజు, ఆ మంగళవారం ఉదయం, ఆ ఫోను మోగింది. వాడి కోచ్. విదేశంలో పందేనికి ఎంపికయ్యాడు, శుక్రవారంలోగా క్యాంపుకు చేరాలి అన్నాడు. "దినాలు కాలేదు, రాడు" అని పెట్టేశాను.

సాయంత్రం వాడే వచ్చాడు.

"అత్తా, నాకు ఫోన్ గిట్ల వచ్చిందా?"

"నీకెవలు జేస్తరురా? వస్తే మాత్రం దినాల నడుమ పోతవా?"

"పోతనే. మంచం మీదున్నప్పుడు బాపే అన్నడు, నా కోసం ఆగకు బిడ్డా అని."

"రాలే," అన్నాను.

ఎందుకన్నాను? ఆచారం కోసమా? ఏళ్ల తరబడి అలాగే చెప్పుకున్నాను, అలా చెప్పుకుంటేనే నిద్ర పట్టేది. కాదు. నా కొడుక్కి మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది, ఊళ్లో మొదటి కారు మాదే, అయినా పేపర్లో ఫొటో యాదగిరిదే పడేది, మొయినాబాద్ సంతలో నన్ను యాదగిరి మేనత్త అనే పిలిచేవారు. అది నాకు గిట్టలేదు. అంతే.

వాడు తిరిగి వెళ్లేసరికి జట్టు వెళ్లిపోయింది. ఫోను చేశానని కోచ్ అన్నాడట. "మా అత్త తారీఖు తప్పది, మాట తప్పది, నువ్వే అబద్ధమాడుతున్నవ్" అని వీడు అందరి ముందూ కొట్లాటకు దిగాడట. మరుసటి సెలవులో నాకే చెప్పాడు, నా ముందు గర్వంగా. నేను అన్నం వడ్డించాను.

జట్టులోకి మళ్లీ తీసుకోలేదు. మిలిటరీ వదిలి వచ్చేసి ఇప్పుడు చేవెళ్లలో ఆటో నడుపుతున్నాడు. ప్రతి ఆదివారం నన్ను చూడడానికి వస్తాడు. ఈ ఆదివారం చెబుతాను. క్షమించమని అడగను. ఇది రాశాక ఊపిరి కాస్త లోపలికి పోతోంది, ఆ మాత్రం చాలు.

పోయినవి: వాడు పోవలసిన పందెం ఒకటి. జట్టులో చోటు. ఆ తర్వాత రావలసిన చలికాలాలు. నిజం చెప్పిన కోచ్ పరువు. నా మీద వాడి నమ్మకం ఇంకా పోలేదు. ఆదివారం అదీ పోతుంది.