కొసరుగా పోసిన ఏడాది

గోదావరికి వరద వస్తే ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో హెచ్చరిక, మూడో హెచ్చరిక అంటూ వరసగా ప్రకటిస్తారు. లంకల్లో వాళ్ళు గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కుతారు. నా నోటికి అలాంటి ఏర్పాటు లేదు. లేని పాపానికి మా తమ్ముడి మనవరాలు హారిక జీవితంలోంచి మూడేళ్ళు కొట్టుకుపోయాయి. అందులో రెండేళ్ళకి ఆ పిల్ల పనిచేసే బ్యాంకుది బాధ్యత. మూడో ఏడాది మాత్రం అచ్చంగా నా చేతి చలవ. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఇంట్లో అందరూ నవ్వుతూనే ఉన్నారు, ఆ పిల్ల తప్ప.

అప్పటికి నేను డెబ్బై ఒకటో ఏట ఉన్న కుర్రాణ్ణి. లోకానుభవం లేదు. రాజమండ్రి బజార్లో నలభై ఏళ్ళు పప్పులూ దినుసులూ అమ్మి, కొట్టు కొడుక్కి అప్పగించి, లోకం మీద కోపం తెచ్చుకోవడమే పనిగా పెట్టుకున్నవాణ్ణి. నా చదువు ఐదో క్లాసు దగ్గర ఆగింది. మిగతాదంతా పొట్లాల కాగితాల మీద చదువుకున్నదే. పాత ఇంగ్లీషు పేపర్లు కట్టలకు కట్టలు కొట్టుకి వచ్చేవి. చింతపండు పొట్లం కట్టేముందు సంపాదకీయం చదివేవాణ్ణి. అందుచేత నా ఇంగ్లీషులో పలకరింపులు లేవు, ఖండనలే ఉన్నాయి. "బాగున్నారా" అనాలంటే తడుముకుంటాను గాని, "ఇది ప్రజాస్వామ్యానికి గొడ్డలిపెట్టు" అని నిద్రలో లేపినా అనగలను.

హారిక ముంబైలో ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో వైస్ ప్రెసిడెంటు. ఆ మాట విన్నరోజు బజారంతా తిరిగి చెప్పుకొచ్చాను. తర్వాత తెలిసింది, వాళ్ళ ఆఫీసులో కళ్ళు మూసుకుని రాయి విసిరితే వైస్ ప్రెసిడెంటుకే తగులుతుందని. దేశం మొత్తానికి ఒకే ఒక్క ఉపరాష్ట్రపతి సరిపోతున్నాడు, వీళ్ళకి మాత్రం వరసకో ఉపాధ్యక్షుడు కావాలి. అంత పదవిలో ఉండి ఈ పిల్లకి మధ్యాహ్నం అన్నం తినే తీరిక లేదు.

అసలది ఏం బ్యాంకో తేల్చుకుందామని ఒకసారి కూర్చోబెట్టి అడిగాను.

"డిపాజిట్లు తీసుకుంటారా అమ్మా?"

"తీసుకోం పెద్ద తాతయ్యా."

"పోనీ, బంగారం మీద అప్పులిస్తారా?"

"ఇవ్వం."

"మరి బ్యాంకెలా అయిందే?"

"ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనుక్కోవాలంటే మధ్యలో మేముండి బేరం కుదురుస్తాం."

"అంటే దళారీ."

"కోటు వేసుకుంటాం పెద్ద తాతయ్యా" అంది.

ఆ ఏడు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి హారిక రెండు రోజులు సెలవు పెట్టి వచ్చింది. సెలవంటే అక్కడ ఆఫీసుకి వెళ్ళకుండా ఆఫీసు పని చేయడమట. ఒడిలో లాప్‌టాప్, దాని మీద అక్షింతల ఆకు. అధ్యాయం అయినప్పుడల్లా ఎడమ చేత్తో గంట కొడుతూ, కుడి చేత్తో టైపు కొడుతూ కథ విన్నది. ఎవరో లక్షాధికారి ఇంకో లక్షాధికారికి చూపించే స్లైడ్లనే బొమ్మల్లో ఒక నీలం గీతని రవ్వంత ఎడమకి జరపాలట. జరిపితే, కుడివైపే బాగుందన్నారట. పొట్టు తీయని మినుముల్లా ఉంది కళ్ళ కింద నలుపు.

మర్నాడు కోరుకొండ నరసింహస్వామి దర్శనానికి బయలుదేరాం, నేను, మా ఆవిడ సుబ్బలక్ష్మి, హారిక. దారిలో కారు డ్రైవరు టీకి దిగినప్పుడు ఆ పిల్ల గొంతు తగ్గించి మా ఇద్దరికీ తన గుట్టు చెప్పింది. వచ్చే నెల బోనస్ పడుతుంది. పడ్డ మర్నాడు రాజీనామా ఇచ్చేస్తుంది.

"ఆ తర్వాతేం చేస్తావమ్మా?" అన్నాను.

"నిద్రపోతాను. ఒక్క ఏడాది. ఆ బోనస్‌తో ఏడాది నిద్ర కొనుక్కుంటాను."

అక్కడ బోనస్ అంటే ఏళ్ళ జీతం ఒక్కసారి చేతిలో పడ్డట్టట. మా కొట్లో దీపావళికి గుమాస్తాకిచ్చే నెల జీతం, పంచెల చాపు, మిఠాయి పెట్టె లాంటిది కాదు. కాకపోతే అది ఇవ్వడం, మానడం పూర్తిగా పైవాడి దయ. మనిషి మానేస్తాడని ముందే వాసన తగిలిందా, సున్నా చుడతారు. అందుకని ఆ నెలంతా ఆఫీసు ఆఫీసే ఊపిరి బిగబట్టుకుని, రేపు పోదామనుకునేవాడు కూడా ఇక్కడే పుట్టాను, ఇక్కడే పోతాను అన్నట్టు మొహం పెట్టుకుని తిరుగుతుందట.

"ఎవరికీ చెప్పకండి పెద్ద తాతయ్యా" అంది. చెప్పనని మాటిచ్చాను. మా ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసింది. అదే మొదటి ప్రమాద హెచ్చరిక. నేను పట్టించుకోలేదు.

కోరుకొండ మెట్లు నా మోకాళ్ళకి పడవు. నన్ను కింద కొబ్బరికాయల కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి వాళ్ళిద్దరూ ఎక్కారు. వెళ్తూ హారిక తన బ్యాగు, ఫోను నా ఒళ్ళో పెట్టింది. "మా ఎండీ చేస్తాడేమో. మోగితే మోగనివ్వండి. ఎత్తకండి." ఇది రెండో ప్రమాద హెచ్చరిక.

మోగింది. మోగనిచ్చాను. ఆగి మళ్ళీ మోగింది. కొబ్బరికాయలాయన నావైపు చూశాడు. ఇంకోసారి మోగేసరికి గుడికొచ్చిన వాళ్ళంతా చూస్తున్నారు. గుమ్మంలోకొచ్చిన మనిషిని పలకరించకుండా కూర్చున్న షావుకారు మా వంశంలో లేడు. ఎత్తాను.

ఆయన మాట్లాడింది ఇంగ్లీషు, నేను మాట్లాడింది సంపాదకీయం. తెలుగులో చెప్పుకుంటే ఇలా జరిగింది.

"హారికా, ఆ స్లైడ్లు ఎక్కడ?" అన్నాడు, హలో అయినా అనకుండా.

"హారిక దేవుడి దగ్గరికి వెళ్ళింది" అన్నాను. నా ఇంగ్లీషులో అది మరీ గంభీరంగా పలికినట్టుంది.

"అయ్యో. మళ్ళీ ఆన్‌లైన్‌లోకి ఎప్పుడొస్తుంది?" అన్నాడు.

చూశారా. సాక్షాత్తూ యముడే తీసుకెళ్ళినా, పని ఉంటే సాయంత్రానికి తిరిగి రావాలన్నమాట. నాకు తిక్క రేగింది. మీ పద్ధతిని తీవ్రంగా ఖండిస్తున్నానన్నాను. పిల్లలని బానిసల్లా వాడుకోవడం నాగరికతకే మాయని మచ్చ అన్నాను. ఆయన కూడా తగులుకునుంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆయన, "మీరు చెప్పేది నిజమే సర్, ఇంకా చెప్పండి" అన్నాడు.

అదండీ నా కొంప ముంచిన మాట. మా ఇంట్లో నా వాక్యం చివరిదాకా ఆగి వినేవాళ్ళు లేరు. సగంలోనే లేచి గ్యాస్ కట్టేయడానికి వెళ్తారు. ఈయనెవరో ముంబైలో పెద్ద కుర్చీలో కూర్చుని "ఇంకా చెప్పండి" అంటున్నాడు. పొంగే పాల మీద నీళ్ళు చిలకరించినట్టు నా కోపం చల్లారిపోయింది. మీరూ షావుకారే, నేనూ షావుకారునే అన్నాను. మా కొట్టు సంగతి చెప్పాను. మా బజారు మర్యాద కూడా చెప్పాను.

ఆ మర్యాద ఏమిటంటే, గుమాస్తా మానేయదలుచుకుంటే నెల ముందే తాంబూలం పట్టుకొచ్చి షావుకారుకి చెప్పుకుంటాడు. షావుకారు ఆ దీపావళికి అతనికి అందరికన్నా మిన్నగా బోనస్ ఇచ్చి, బట్టలు పెట్టి పంపిస్తాడు. చెప్పకుండా పోయేవాడికి ఏమీ ఉండదు. ముంబైలో దీన్ని సరిగ్గా తిరగేసి పాటిస్తారని హారిక దారిలో చెప్పనే చెప్పింది. కానీ షావుకారన్నవాడు ఎక్కడైనా షావుకారే కదా, మన పిల్లకి చిన్నతనం వల్ల పద్ధతి తెలియలేదు, పెద్దవాణ్ణి నేనే దిద్దాలి అనిపించింది. ఆమె తరఫున తాంబూలం నేనే ఇచ్చేశాను, ఫోన్లో.

"ఎప్పుడు మానేస్తుంది సర్?" ఆయన గొంతు పూతరేకులా మెత్తబడిపోయింది.

"మీ బోనస్ పడ్డ మర్నాడండి. అందుకని మీరు కాస్త ఘనంగా ఇచ్చి పంపాలి."

"ఏ బ్యాంకుకి వెళ్తోంది?"

"బ్యాంకుకి కాదండి. నిద్రకి."

నవ్వాడు. "నిద్ర కోసం ఎవరూ మానేయరు సర్. వాళ్ళెంత ఇస్తామన్నారో అడగను. మీరెంత అడుగుతున్నారో చెప్పండి."

ఇక్కడ నేను ఫోన్ పెట్టేసి ఉండాల్సింది. కానీ పుట్టు వ్యాపారిని పట్టుకుని "ఎంత" అని అడిగితే ఊరుకోగలడా? పదేళ్ళుగా గాటన కట్టేసిన పందెపు ఎద్దుకి డప్పు వినిపించినట్టయింది.

"రెట్టింపు" అన్నాను. దేనికి రెట్టింపో నాకు తెలియదు.

"సరే సర్" అన్నాడు. "కానీ రెండేళ్ళు కదలకూడదు. మధ్యలో వెళ్తే మొత్తం వెనక్కి కట్టాలి."

బేరమాడలేదండీ. పైసా తగ్గించమనలేదు. మా వృత్తిలో దీనికి మించిన ప్రమాదం లేదు. గీచి గీచి బేరమాడేవాడికి తూచి ఇస్తాం. అడిగినంతా ఇచ్చేవాడిని చూస్తే మాత్రం మనసు కరిగిపోతుంది, తూకం అయ్యాక చెయ్యి దానంతటదే డబ్బాలోకి వెళ్ళి గుప్పెడు పప్పు తెచ్చి పైన పోస్తుంది. దాన్నే కొసరంటాం. నలభై ఏళ్ళ అలవాటు. కోరుకొండ మెట్ల కింద కూర్చుని కూడా ఆ చెయ్యి ఆగలేదు.

"రెండేళ్ళేంటండి, మూడేళ్ళు చేస్తుంది" అన్నాను. "ఒక ఏడాది కొసరు."

కొసరుని ఇంగ్లీషులో ఏమంటారో ఏ సంపాదకీయంలోనూ చదవలేదు. ఉచితం అని చెప్పాను. ఆయనకి బాగా అర్థమయింది. మీలాంటి పెద్దలతో మాట్లాడటం నా అదృష్టం అన్నాడు. నేను పొంగిపోయి నా ఫోన్ నంబరు కూడా ఇచ్చాను. ఇది రెండో కొసరు.

కాసేపటికి వాళ్ళు దిగొచ్చారు. నుదుట కుంకుమ, చేతిలో ప్రసాదం, ఆ పిల్ల మొహంలో నేనెన్నడూ చూడని తేట. "పైన గాలి ఎంత బాగుందో పెద్ద తాతయ్యా. అంతసేపు ఎవరూ నన్ను ఏమీ అడగలేదు" అంది.

"నీ బోనస్ రెట్టింపు చేయించాను" అన్నాను.

ప్రసాదం చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. "ఎవరితో మాట్లాడారు?"

"మీ షావుకారుతో. నువ్వు చెప్పినంత చెడ్డవాడేం కాదు."

"మానేస్తానని చెప్పారా?"

"మర్యాద కదమ్మా."

"చెబితే రెట్టింపెందుకిస్తాడు?"

"రెండేళ్ళుండాలన్నాడు."

ఆ పిల్ల మెట్టు మీద కూలబడింది. "రెండేళ్ళా" అంది, ఎవరితోనో అన్నట్టు.

నేను అబద్ధమాడలేను. "మూడు" అన్నాను.

"ఇప్పుడే రెండన్నారు కదా?"

"అతనడిగింది రెండే. ఒకటి నేను కొసరేశాను."

మా ఆవిడ పూజబుట్ట కింద పెట్టేసింది. "ఏవండీ, కొట్లో గుప్పెడు కందిపప్పు కొసరేయాలంటే వేళ్ళ సందుల్లోంచి సగం మళ్ళీ డబ్బాలోకే జార్చేవారు. పిల్ల బతుకులో ఏడాది తీసి పోయడానికి ఆ వేళ్ళు అడ్డం రాలేదా?"

ఇంకోటి కూడా అంది. మా గుమాస్తా సూరిబాబు తన పెళ్ళికి రెండు రోజులు సెలవడిగితే, ముహూర్తం తెల్లవారుజామునే కదా, పదింటికల్లా కొట్టుకి రావచ్చు కదా అన్నానట. నాగరికతకి మాయని మచ్చ గురించి ముంబైకి చెప్పేముందు రాజమండ్రిలో ఒకసారి చూసుకోవాల్సిందట. ఆ విషయం ఇక్కడ అప్రస్తుతం.

హారిక ఫోన్ తీసుకుని చూసింది. "మీ తాతగారు గొప్పవారు అని మెసేజ్ పెట్టాడు" అంది. ఆ మెట్టు మీదే బ్యాగు తెరిచి, లాప్‌టాప్ తీసి, నీలం గీత జరపడం మొదలుపెట్టింది.

తర్వాత జరిగింది చెప్పడానికేముంది. సంతకం పెడితే రెట్టింపు, మూడేళ్ళ కట్టుబాటు. పెట్టకపోతే రహస్యం బయటపడింది కనుక మామూలు బోనస్ కూడా సున్నా. పెట్టింది. వాళ్ళ నాన్న నాకు పట్టుపంచె తెచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. చుట్టాలందరూ వచ్చి, మావాడి జీతం సంగతి కూడా కాస్త మాట్లాడిపెట్టండి బాబాయిగారూ అన్నారు. బంగారు సంకెళ్ళు చేయించడంలో నాకు మంచి పేరొచ్చింది. రెండేళ్ళు నిండిన మర్నాడు పొద్దున్నే హారిక దగ్గర్నుంచి ఫోన్. "పెద్ద తాతయ్యా, ఇవాళ్టి నుంచి మీ కొసరు మొదలైంది" అంది. అంతే, పెట్టేసింది.

ఆ కొసరు కూడా అయిపోవస్తుండగా, మళ్ళీ బోనస్‌కి ముందు, నాకే నేరుగా ఫోనొచ్చింది. అదే గొంతు, అదే పూతరేకు. "సర్, మూడేళ్ళవుతోంది. హారిక ఏమనుకుంటోంది?"

మా ఆవిడ వంటింట్లోంచి గరిటతో సహా వచ్చి ఎదురుగా నిలబడింది. మూడో ప్రమాద హెచ్చరిక.

"హారికా?" అన్నాను. "మీ ఆఫీసంటే ప్రాణమండి. కలవరింతల్లో కూడా మీ స్లైడ్లే." రెండో మాట నిజమే. "మానేయడమన్న మాట ఆ పిల్ల నోట నేను వినలేదు."

"ఏమైనా అడగమంటారా?"

"ఏమీ వద్దండి. మీరిచ్చిందే ప్రసాదం."

పోయిన నెల బోనస్ పడింది. మర్నాడు రాజీనామా వెళ్ళింది. ప్రస్తుతం హారిక మా మేడ మీద గదిలో నిద్రపోతోంది. రైతుబజారుకి పోయే ఆటోల మోత వినపడకుండా కిటికీలు మూశాం. భోజనానికి లేపడానికి కూడా నాకు అనుమతి లేదు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. తెలియనివ్వండి, బోనస్ ఖాతాలో పడ్డాక తెలియనివ్వండి. అందుకని కోరుకొండ నరసింహస్వామి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇకమీదట ఎవరి బోనసూ చేతికందకముందు ఏ షావుకారుతోనూ నిజం మాట్లాడను. అడిగినవాడికి అడిగినంతే తూస్తాను. కొసరు వేయను. ఈ కథ కూడా ఎప్పుడో రాయాల్సింది, రాజీనామా అందినట్టు ముంబై నుంచి జవాబొచ్చేదాకా కలం ముట్టుకోలేదు.

సంపాదకుడుగారూ, మీరడిగింది రెండు పేజీలు. ఇది మూడయింది. మూడోది కొసరనుకునేరు. దానికి విడిగా లెక్క.